చాలని వాన – సరిపోని వాన

ఆంగ్లం బోధించేవారి చేతిలో ఎర్రసిరా కలం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ కలంతో ఒకసారి మేము చేసిన పొరపాటు ఈ వ్యాసానికి మూలం. "మా జిల్లా" అనే విషయం మీద విద్యార్థులు ఆంగ్లంలో వ్యాసాలు రాశారు. రాయదుర్గం ప్రాంతం నుండి వచ్చిన ఒక విద్యార్థి తన ఊరి వర్షాన్ని గురించి చెబుతూ దానికి "ఇనాడిక్వేట్" అనే విశేషణం వాడాడు. మేము ఆ మాటను కొట్టివేసి, పైన "ఇన్‌సఫిషియెంట్" అని రాసి, అర మార్కు తగ్గించాము. వర్షం కొలతకు అందే వస్తువు గనుక పరిమాణాన్ని తెలిపే మాటనే వాడాలని మా వాదన. తరగతి ముగిసిన తరువాత ఆ విద్యార్థి మా వద్దకు వచ్చి, ఎంతో వినయంగా, "సార్, ఆ యేడు మా వూళ్ళో వాన లెక్కకు వచ్చింది. పైరుకు రాలేదు. అందుకే ఆ మాట రాసినాను" అన్నాడు.

ఆ మాటకు మా వద్ద వెంటనే జవాబు లేకపోయింది. ఇంటికి వెళ్ళి నిఘంటువులు తిరగవేసిన తరువాత, పొరబడినది విద్యార్థి కాదు, మేమేనని తెలిసినది. ఈ రెండు విశేషణాల మధ్య గల భేదం చిన్నది. కాని కరువు పీఠభూమిలో నివసించే మనకు ఆ చిన్న భేదం మీద చాలా విషయాలు ఆధారపడి ఉన్నవి. కనుక దానిని మన జిల్లా ఉదాహరణలతోనే వివరించుటకు ప్రయత్నిస్తున్నాము.

రెండు మాటల మూలాలు

ఇన్‌సఫిషియెంట్, ఇనాడిక్వేట్ – ఈ రెండింటికీ మన ఆంగ్ల–తెలుగు నిఘంటువులు దాదాపు ఒకే అర్థం ఇస్తాయి: చాలని, తగినంత లేని, అపర్యాప్తమైన. ఉర్దూ నిఘంటువు తెరిచినా రెండింటికీ "నాకాఫీ" అన్న మాటే ముందుగా కనిపిస్తుంది. అందువలన మన విద్యార్థులు ఏ మాట గుర్తుకు వస్తే ఆ మాట రాసివేస్తారు. చాలా సందర్భాలలో అది తప్పు కూడా కాదు. ఆంగ్లేయులే అనేక వాక్యాలలో ఒకదాని బదులు మరొకటి వాడుతారు. ఇది సంధిసూత్రం వంటి కఠిన నియమం కాదనీ, రెండు మాటలూ మొగ్గే దిక్కులు వేరనీ ముందుగానే గ్రహించవలెను.

సఫిషియెంట్ అనే మాట లాటిన్ నుండి వచ్చినది. "క్రింద" అనే అర్థమిచ్చే ఉపసర్గ, "చేయు" అనే ధాతువు కలిసి, క్రింది నుండి అందించుట, సమకూర్చుట అనే భావం ఏర్పడినది. పాత్రలో నీరు పోస్తూ ఉంటే అది కావలసిన గీత వరకు చేరినదా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న. గీతకు దిగువన నిలిచిపోతే అది ఇన్‌సఫిషియెంట్. దీని చూపు ప్రధానంగా పరిమాణం మీద ఉంటుంది. దీని ప్రశ్న "ఎంత?" అనునది.

ఆడిక్వేట్ అనే మాటకు కూడా మూలం లాటిన్ భాషే. కాని అందులో ఉన్నది "సమానం" అనే మాట. ఒకదానిని మరొకదానికి సమానం చేయుట, సరిచేయుట అని దాని మొదటి అర్థం. ఇక్కడ పాత్ర మీది గీత ఒక్కటే చాలదు. పని ఏమిటి, ఆ పనికి ఈ వస్తువు సమానంగా నిలుస్తుందా అని అడగవలెను. దీని ప్రశ్న "దేనికి?" అనునది. పరిమాణం పూర్తిగా ఉండి కూడా ఒక వస్తువు పనికి సమానం కాకపోవచ్చును. అప్పుడు అది ఇనాడిక్వేట్.

ఈ భేదం మనకు పరాయిది కాదు. తెలుగులో "చాలదు" అనే మాట ఉన్నది, "సరిపోదు" అనే మాట ఉన్నది. "చాలు" పరిమాణాన్ని చెప్పే మాట. భోజనం వేళ విస్తరి మీద చేయి అడ్డుపెట్టి చాలు అంటాము గాని సరిపోయినది అని వెంటనే అనము. "సరిపోవు" అన్నదానిలో ఉన్న "సరి" అంటే సమానం. చెప్పు కాలికి సరిపోతుంది, తాళంచెవి తాళానికి సరిపోతుంది. తాళంచెవి చాలలేదు అని ఎవరూ అనరు. లాటిన్ వారు "సమానం" అనే మాట నుండి ఆడిక్వేట్‌ను తీస్తే, మన పెద్దలు "సరి" అనే మాట నుండి సరిపోవుటను తీశారు. రెండు భాషలూ ఒకదానితో ఒకటి సంప్రదించకుండానే ఒకే బాటన నడిచాయి.

మన కళాశాలలో సగం మంది ఇంట మాట్లాడే దక్కనీ ఉర్దూలో కూడా ఈ భేదం ఉన్నది. పెళ్ళి విందులో అన్నం తరిగిపోతే "కమ్ పడ్‌గయా" అంటారు. దర్జీ కుట్టిన షేర్వానీ భుజాల వద్ద పట్టివేస్తే కమ్ పడ్‌గయా అనరు, "బరాబర్ నై" అంటారు. "బరాబర్" అన్నా సమానమనే అర్థం. గ్రంథ భాషలోని నాకాఫీ అనే ఒక్క మాట దాచిన భేదాన్ని వీధిలోని రెండు మాటలు స్పష్టంగా చూపుతున్నవి. నిఘంటువులో దొరకని జవాబు కొన్ని సమయాలలో మన ఇంటి వంటగదిలో దొరుకుతుంది.

లెక్కకు వచ్చిన వాన, పైరుకు రాని వాన

ఇప్పుడు ఆ విద్యార్థి వాక్యానికి వద్దాము. అనంతపురం జిల్లా పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నది. నైరుతి ఋతుపవనాలు ఆ కనుమలు దాటేసరికి తమ తేమలో అధిక భాగం అరేబియా సముద్రపు అంచునే వదలివేస్తాయి. తూర్పు తీరానికి దూరం గనుక ఈశాన్య ఋతుపవనాలు కూడా ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడుటకు పూర్వపు ఉమ్మడి అనంతపురం జిల్లాకు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి కాలంలో పడేది సుమారు 340 మిల్లీమీటర్లు.

ఈ అంకెలను ఇన్‌సఫిషియెంట్ అనవచ్చునా? తప్పక అనవచ్చును. కోస్తా జిల్లాలతో పోల్చినా, నేల నుండి ఎండ పీల్చుకునే తేమతో పోల్చినా ఇది తక్కువే. అయినా ఈ తక్కువ అంకె ఎంత నీటికి సమానమో ఒకసారి లెక్కించి చూడండి. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సుమారు నాలుగు వేల లీటర్లు. 550 మిల్లీమీటర్లంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. ఇంత నీరు ఆకాశం నుండి దిగివచ్చినా పంట ఎందుకు ఎండిపోతున్నది? ఈ ప్రశ్నకు "ఎంత" అనే మాట జవాబు చెప్పలేదు. అక్కడ నుండి "దేనికి", "ఎప్పుడు" అనే ప్రశ్నలు మొదలవుతాయి.

ఈ పీఠభూమిలో ప్రధానమైన వానాకాలపు పంట వేరుసెనగ. నేలలు ఎక్కువగా ఎర్రనేలలు, తేలికైనవి, లోతు తక్కువైనవి. పడిన నీటిని ఎక్కువ దినాలు దాచుకొనే శక్తి వాటికి లేదు. ఆరుద్ర కార్తె చివరలో మంచి పదును వాన పడి విత్తనం వేశారనుకుందాము. నాలుగు వారాలకు పూత వస్తుంది. ఆరు వారాలకు ఊడలు నేలలోకి దిగుతాయి. ఊడ దిగవలెనంటే నేల మెత్తగా, తడిగా ఉండవలెను. నేల గట్టిపడితే ఊడ పైననే ఎండిపోతుంది. దిగిన ఊడ కాయగా మారి గింజ కట్టుటకు ఇంకా నాలుగైదు వారాలు తేమ కావలెను. కాయకు అవసరమైన సున్నపు ధాతువును కాయే తన చుట్టూ ఉన్న తడిమట్టి నుండి పీల్చుకుంటుంది గనుక, మట్టి ఆరిపోతే చేనులో జిప్సం చల్లినా ఫలితం అంతంత మాత్రమే.

ఆ విద్యార్థి చెప్పిన సంవత్సరం వంటి సంవత్సరం ఎలా ఉంటుందో ఊహించండి. జూలై మొదటి వారంలో విత్తనం వాన బాగా పడుతుంది. పైరు పచ్చగా లేస్తుంది. ఆశ్లేష, మఖ కార్తెలలో, అంటే ఊడలు దిగే ఆగస్టు నెలలో, మేఘాలు వస్తాయి, పోతాయి, చినుకు రాలదు. సెప్టెంబరు మన జిల్లాలో అధిక వర్షపు నెల. ఆ నెలలో నాలుగు పెద్ద వానలు పడి చెరువుకట్టలు తెగుతాయి. హస్తలో కూడా ముసురు పట్టితే, పీకిన చెట్టు కల్లంలోనే బూజుపడుతుంది, మిగిలిన కాయ నేలలోనే మొలకెత్తుతుంది. కాలం ముగిసిన తరువాత వర్షమాపకం లెక్క తీస్తే 340 మిల్లీమీటర్లు సరిగ్గా ఉంటుంది. కాగితం మీద ఆ యేడు "సాధారణ వర్షపాతం" గల యేడు. రైతు ఇంట మాత్రం విత్తనపు అప్పు తీరలేదు.

ఆ వానను ఇన్‌సఫిషియెంట్ అనుటకు వీలు లేదు, లెక్క పూర్తిగా ఉన్నది. అది ఇనాడిక్వేట్. పడిన మొత్తం పైరు అవసరానికి సరిపడే విధంగా పడలేదు. ఆ అర మార్కు మేము అన్యాయంగా తగ్గించినది ఈ కారణం చేతనే.

మన రైతులు వానను మిల్లీమీటర్లలో గాక కార్తెలలో చెప్పుకొనుటలో గల వివేకం ఇక్కడ కనిపిస్తుంది. ఆరుద్రలో పడిన వాన, మఖలో పడిన వాన వారి లెక్కలో ఒకే వాన కాదు. "పదును" అనే మాట కూడా అటువంటిదే. ఎంత పడినదో పదును చెప్పదు, పడిన వాన నాగలికీ విత్తనానికీ అనువైన తేమను ఇచ్చినదా అని చెబుతుంది. పదును వాన అంటే ఆంగ్లంలో ఆడిక్వేట్ వాన.

ప్రభుత్వ పరిభాషలో

ప్రభుత్వం కూడా ఈ భేదాన్ని క్రమంగా గుర్తించినది. భారత వాతావరణ శాఖ వర్షపాతాన్ని సగటుతో పోల్చి తరగతులుగా విభజిస్తుంది. సగటుకు 19 శాతం అటు ఇటుగా ఉంటే సాధారణం. 20 నుండి 59 శాతం వరకు తగ్గితే "డెఫిషియెంట్". 60 నుండి 99 శాతం వరకు తగ్గితే చాలా కాలం పాటు "స్కాంటీ" అని పిలిచేవారు. 2016 నుండి ఆ మాటను వదలి "లార్జ్ డెఫిషియెంట్" అంటున్నారు. మన నైరుతి కాలపు 340 మిల్లీమీటర్లకు ఈ లెక్కను వర్తింపజేస్తే, 275 నుండి 405 వరకు సాధారణం, 272 నుండి 139 వరకు డెఫిషియెంట్, 136కు దిగువన పాత పరిభాషలో స్కాంటీ.

స్కాంటీ అనే మాట ఉత్తర ఐరోపా భాష నుండి వచ్చినది. దానిలో "పొట్టి", "కురచ" అనే భావం ఉన్నది. కప్పుకొనుటకు కురచైన దుప్పటి స్కాంటీ. అందువలన దానిలో కొంత దైన్యం, కొంత పిసినారితనం ధ్వనిస్తాయి. డెఫిషియెంట్ అనే మాట సఫిషియెంట్‌కు తోడబుట్టినది. రెండింటి ధాతువు ఒకటే, ఉపసర్గ మాత్రమే వేరు. ఉండవలసినది ఒకటి లోపించినదని అది చెబుతుంది. తెలుగులో లోటు, ఉర్దూలో నుక్స్ అనే మాటలు దీనికి దగ్గర. స్కేర్స్ అనే మాట వీటన్నిటికంటే భిన్నం. అది వస్తువు దొరకుట కష్టమని చెబుతుంది. పశుగ్రాసం స్కేర్స్ కావచ్చును, ఒక్కొక్క పశువుకు వేసే మేత స్కాంటీ కావచ్చును.

ఈ తరగతులన్నీ "ఎంత" అనే ప్రశ్నకు చెందినవే. కాని కేంద్ర ప్రభుత్వం 2016లో సవరించిన కరువు నిర్వహణ గ్రంథంలో వర్షపు లోటుతో పాటు "డ్రై స్పెల్" అనే సూచికకు కూడా స్థానం ఇచ్చినది. ఋతుపవనం రావలసిన తేదీ తరువాత వరుసగా మూడు నాలుగు వారాలు ప్రతి వారమూ సగటులో సగానికంటే తక్కువ వాన పడితే దానిని లెక్కలోకి తీసుకొంటారు. పైరు స్థితి, నేలలోని తేమ, జలాశయాల మట్టం కూడా పరిశీలిస్తారు. అనగా ఇన్‌సఫిషియెంట్ అనే మాట ఒక్కటే కరువును కొలువలేదని పాలకులు అంగీకరించారు. ఒక మండలం కరువు జాబితాలో చేరుట, చేరకపోవుట కొన్ని సమయాలలో ఈ రెండు విశేషణాల మధ్య దూరం మీదనే ఆధారపడుతుంది.

ఒక పౌను ధాన్యం

ఈ మాటల భేదం ప్రాణాల మీదికి వచ్చిన సందర్భం కూడా మన చరిత్రలో ఉన్నది. 1876–78 నాటి మహాక్షామం దత్తమండలాలను కుదిపివేసినది. అప్పటికి అనంతపురం ప్రత్యేక జిల్లా కాదు, బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో మాత్రమే వేరుపడినది. క్షామ సహాయపు పనులను పరిశీలించుటకు వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877 జనవరిలో కూలికి దినానికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానితో స్వల్పమైన డబ్బు అని నిర్ణయించాడు. ప్రాణం నిలుపుటకు ఆ పరిమాణం చాలునని ఆయన నమ్మకం.

మద్రాసు రాష్ట్ర పారిశుద్ధ్య కమిషనరుగా ఉన్న డాక్టరు విలియం రాబర్ట్ కార్నిష్ దీనిని తీవ్రంగా ప్రతిఘటించాడు. ఆయన వాదం రెండు భాగాలుగా ఉన్నది. మొదటిది: పరిమాణమే తక్కువ, కనీసం 680 గ్రాముల ధాన్యం ఉండవలెను. రెండవది: ధాన్యం ఒక్కటే ఎంత పెంచినా సరిపోదు, పప్పు, కూరగాయలు కూడా ఉండవలెను. రోజంతా రాళ్ళు మోసే శరీరానికి కావలసినది కేవలం కడుపు నిండుట కాదు. మొదటి ఆక్షేపణ ఆ కూలి ఇన్‌సఫిషియెంట్ అని, రెండవది ఇనాడిక్వేట్ అని. ఆ సంవత్సరమే మద్రాసు ప్రభుత్వం కొంతవరకు దిగివచ్చి, ధాన్యాన్ని సుమారు 570 గ్రాములకు పెంచి, 43 గ్రాముల పప్పు చేర్చినది. పెంచిన 120 గ్రాముల ధాన్యం మొదటి ఆక్షేపణకు జవాబు. చేర్చిన పిడికెడు పప్పు రెండవ ఆక్షేపణకు జవాబు. రెండూ సగంలోనే నిలిచిన జవాబులు. ఆ సగం వెలితికి ఈ నేల ఇచ్చుకొన్న మూల్యం చరిత్ర చదివిన వారందరికీ తెలిసినదే.

నీరు ఉన్నది, త్రాగుటకు సరిపోదు

మరొక ఉదాహరణ మన గ్రామాల బోరుబావులలోనే ఉన్నది. వానలు తప్పినకొద్దీ బోర్లు లోతుకు పోయినవి. లోతున రాతిపొరలలోని నీటిలో ఫ్లోరైడు అధికంగా కరిగి ఉండుట మన జిల్లాలో అనేక గ్రామాల అనుభవం. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రమాణం. అంతకు మించిన నీటిని ఏళ్ళ తరబడి త్రాగినవారికి పళ్ళు గారపట్టి, ఎముకలు వంగి, నడుము బిగుసుకుపోతుంది. అటువంటి గ్రామంలో బోరు రోజంతా ధారగా పోయవచ్చును. బిందెలు నిండుతాయి. పశువుల తొట్టి నిండుతుంది. ఆ నీటిని ఇన్‌సఫిషియెంట్ అనలేము. త్రాగునీరుగా మాత్రం అది ఇనాడిక్వేట్.

1995–96లో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం క్రింద జిల్లాలోని సుమారు 700 గ్రామాలకు సురక్షితమైన నీరు అందించే ఏర్పాటు జరిగినప్పుడు పరిష్కరించవలసిన కష్టాలు రెండు రకాలుగా ఉండినవి. కొన్ని ఊళ్ళలో నీరు లేదు. కొన్ని ఊళ్ళలో నీరు ఉన్నది, త్రాగరాదు. మొదటి ఊరికి నీటి ట్యాంకరు ఉపశమనం. రెండవ ఊరికి అదే బోరు నీటిని ట్యాంకరులో నింపి తెచ్చి పోస్తే కష్టం తీరకపోగా పెరుగుతుంది. అర్జీ రాసేవాడు ఏ విశేషణం వాడాడో దానిని బట్టి వచ్చే సహాయం మారిపోవచ్చునని ఇందువలన తెలుస్తున్నది.

న్యాయశాస్త్రంలో

న్యాయశాస్త్రం ఈ మాటలను మనకంటే జాగ్రత్తగా వాడుతుంది. బ్యాంకు ఖాతాలో డబ్బు తక్కువై చెక్కు తిరిగి వస్తే, చట్టంలోనూ బ్యాంకు చీటీలోనూ ఉండే మాట ఇన్‌సఫిషియెంట్. అక్కడ ప్రశ్న పరిమాణమే. చెక్కు వెయ్యి రూపాయలకు ఉండి ఖాతాలో తొమ్మిది వందలు ఉంటే మరొక చర్చకు తావు లేదు.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 25వ సెక్షనులో మరొక మాట ఉన్నది. ఇష్టపూర్వకంగా చేసుకొన్న ఒప్పందం, ప్రతిఫలం ఇనాడిక్వేట్ అయినంత మాత్రాన రద్దు కాదని ఆ సెక్షను వివరణ చెబుతుంది. వెయ్యి రూపాయల విలువగల గుర్రాన్ని పది రూపాయలకు అమ్ముటకు ఒప్పుకొన్నవాని ఉదాహరణ అక్కడనే ఉన్నది. పది రూపాయలు ప్రతిఫలమే. కాని గుర్రానికి సమానం కాదు. అయితే అంత తక్కువకు అమ్మినవాడు నిజంగా స్వేచ్ఛతో ఒప్పుకొన్నాడా అని విచారించునప్పుడు న్యాయస్థానం ఆ అసమానతను లెక్కలోకి తీసుకోవచ్చునని కూడా చట్టం చెబుతున్నది. కరువు సంవత్సరంలో మేత లేక జత ఎద్దులను సంతలో అగ్గువకు వదలుకొన్న రైతు ముఖం చూసినవారికి ఈ వివరణలోని లోతు సులభంగా అర్థమవుతుంది. ధర ఉన్నది, సరి లేదు.

వాడుక సూత్రాలు

పరీక్షలకు చదివే విద్యార్థుల సౌకర్యం కొరకు కొన్ని గుర్తులు చెబుతున్నాము.

ఒకటి. మీ వాక్యంలో "ఎంత తక్కువ?" అని అడిగితే అంకెలో జవాబు వచ్చునట్లయితే ఇన్‌సఫిషియెంట్ వాడండి. డబ్బు, సమయం, ఓట్లు, సాక్ష్యం, హాజరు – వీటికి ఆ మాట అమరుతుంది.

రెండు. "ఏ పనికి చాలదు?" అని అడుగుట సహజంగా ఉంటే ఇనాడిక్వేట్ వాడండి. శిక్షణ, ఏర్పాట్లు, రక్షణ, వివరణ, వసతి – వీటికి ఆ మాట అమరుతుంది. ఒక వివరణ పది పుటలు ఉండి కూడా ఇనాడిక్వేట్ కావచ్చును.

మూడు. రెండు అర్థాలూ ఒకేచోట కుదిరితే ఏ మాట వాడినా దోషం లేదు. అయితే మీరు చెప్పదలచినది పరిమాణమా, యోగ్యతా అని ఒక నిమిషం ఆలోచించి వాడండి. గ్రంథాలయంలో పుస్తకాలు ఇన్‌సఫిషియెంట్ అంటే మరికొన్ని కొంటే చాలును. ఇనాడిక్వేట్ అంటే ఏ పుస్తకాలు కొనవలెనో ముందు విచారించవలెను.

నాలుగు. మనిషిని గురించి చెప్పునప్పుడు ఇన్‌సఫిషియెంట్ వాడరాదు. మనిషిని కొలపాత్రతో కొలువలేము. ఒక బాధ్యత ముందు నిలిచి తాను దానికి తగనేమోనని మనిషి భావించినప్పుడు ఆంగ్లంలో వచ్చే మాట ఇనాడిక్వేట్.

ఈ నాలుగవ గుర్తు వద్ద కొంచెం ఆగవలెనని మాకు తోచుచున్నది. మన కళాశాలకు వచ్చే విద్యార్థులలో చాలామంది తమ కుటుంబంలో మొదటిసారిగా కళాశాల మెట్టు ఎక్కినవారు. ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివి వచ్చి, ఆంగ్ల తరగతిలో వెనుక బల్ల మీద తల వంచుకొని కూర్చుంటారు. అడిగితే "మాకు రాదు సార్, మేము పనికిరాము సార్" అంటారు. విద్యార్థులారా, ఈ విశేషణం యొక్క అర్థాన్ని మరొకసారి గుర్తు తెచ్చుకోండి. అది ఎప్పుడూ ఒక పనికి సంబంధించిన మాట. ఈనాడు, ఈ ఒక్క పనికి, మీ సిద్ధత సమానం కాలేదని మాత్రమే దాని అర్థం. పదును లేని నేలను చవిటినేల అని ఏ రైతూ అనడు. వాన కొరకు వేచి ఉంటాడు, ఈలోగా దుక్కి దున్ని ఉంచుతాడు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక మనవి. విద్యార్థులకు ఆంగ్ల పదాల జాబితాలు కంఠస్థం చేయించుట మనమందరము చేస్తున్న పనే. దానితో పాటు, ఒక్కొక్క మాటకు ఇంటి భాషలో సాటి వచ్చే మాటను విద్యార్థి చేతనే వెదికించే అభ్యాసం పెట్టితే బాగుంటుంది. "చాలు", "సరి", "కమ్", "బరాబర్" అనే మాటలు ఎరిగినవానికి మేము పైన చెప్పినదంతా పావుగంటలో బోధపడుతుంది. మాటల జాబితా పెరిగితే పరిమాణం పెరుగుతుంది. ఇంటి భాషతో ముడి పడితేనే అది పనికి వస్తుంది.

చివరగా, మేము మొదలుపెట్టిన చోటికి వస్తాము. ఆ విద్యార్థి ఊరివారు ఎప్పుడైనా అధికారులకు అర్జీ రాసుకొనవలసి వస్తే, వాన చాలలేదని రాస్తే వర్షమాపకపు పుస్తకం వారిని కాదనవచ్చును. వాన పైరుకు సరిపోలేదని, ఏ కార్తెలో ఎన్ని వారాలు చినుకు లేదో, అప్పటికి పైరు ఏ దశలో ఉన్నదో రాస్తే, ఆ పుస్తకమే వారికి సాక్షి అవుతుంది. అటువంటి అర్జీ రాయగలవాడు మా తరగతిలో ఉండగా, మేము అతని మాటను ఎర్రసిరాతో కొట్టివేశాము. మరునాడు ఆ జవాబు పత్రం తిరిగి అడిగి తీసుకొని, మేము రాసిన మాటను కొట్టివేసి, అతని మాటను అట్లే ఉంచి, అర మార్కు తిరిగి కలిపాము.